గ్రంథాలయం కప్పు గురించి నేను రాసిన మాట

కరీంనగర్, ఆగస్టు 1987, మంగళవారం

గ్రంథాలయం హాలు కూల్చేయమని ఆర్డరు వచ్చింది. మా ఇంజనీరు గారు ఫైలు నా ముందుకు తోసి, "గిది నువ్వు రాసిందే గదా" అన్నారు. నిజమే, నా దస్తూరీయే. మూడేళ్ల కింద కప్పు ఒక మూల కురుస్తుంటే రిపేరు చేయించమని రాశాను. ఉత్తగా కురుస్తోందంటే పైన ఎవరూ పట్టించుకోరు. అందుకే ఆఫీసులో అందరూ రాసినట్టే నేనూ "ప్రమాదకరం, ఏ క్షణమైనా కూలవచ్చు" అని రాశాను. రిపేరు జరగలేదు. ఆ మాట మాత్రం ఫైల్లో ఉండిపోయింది.

మధ్యాహ్నం కొలతలు తీసుకోవడానికి వెళ్తే వడ్ల రాజయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ల కింద నిర్మల్ నుంచి వచ్చి, చేట బోర్లించినట్టుండే ఆ కప్పుకు కాంక్రీటు పోయడానికి చెక్కలతో సెంట్రింగ్ కొట్టింది ఆయనే. అంత హాలుకూ నడుమ ఒక్క స్తంభం లేదు. కాంక్రీటు మీద ఆయన చెక్కల గీతలు ఇంకా చెదరలేదు. వాటినే చూస్తూ, "గిది పడుతదని ఎవడు రాసిండు సారూ? వానికి కండ్లు లేవా?" అన్నాడు.

నేను టేపు చుట్టేశాను. ఆర్డరు ఆపించాలంటే ఆనాడు అబద్ధం రాశానని నేనే ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో...

వచ్చేస్తుంటే రాజయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"కూలగొట్టద్దని పెద్దసార్లకు జర మీరే ఒక కాయితం రాయుండ్రి. మీ రాతంటే నమ్ముతరు."