ఎదురింటి అన్నం

అక్కా,

ప్రభువు కృప వల్ల క్షేమమని రాయాలి గానీ, ఈసారి చెయ్యి రావడం లేదు.

మీ మరిది మంచానపడ్డాక చేతిలో పనులూ పోయాయి. నిన్న ఇంట్లో గింజ లేదు. అయినా ఆయన పిల్లల ముందు ఖాళీ కంచాలు పెట్టించి, "అనుదినాహారం ఇస్తానన్నవాడు మరిచిపోడు" అంటూ ప్రార్థన చేశారు. ఆమెన్ అనేలోగా తలుపు చప్పుడైంది. పక్కింటావిడ అన్నం, కూర తెచ్చింది. పిల్లలు ఆబగా తినేశాక నన్ను బయటికి పిలిచి చెప్పింది.

"ఎదురింటి వెల్డరు పనిలో పైనుంచి పడి చనిపోయాడమ్మా. అతని కోసం వండిందే ఇది. ఆ ఇంట్లో ఇంకెవరు తింటారు?"

వెళ్లి అతని భార్య పక్కన కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మీ పిల్లలు తిన్నారా?" అంది.

దేవుడు మా మొర విన్నాడక్కా. రేపటి కోసం అడగాలంటేనే భయంగా ఉంది. నువ్వు అడుగు.

నీ చెల్లి