కొరకని దారపు కొసలు

సౌభాగ్యవతి మాలకొండమ్మకు, కామాక్షయ్య దీవించి రాయునది.

ఇక్కడ పడవ, వల, నీ కోళ్ళు క్షేమం. నా సంగతి కింద రాస్తాను. బిట్రగుంటలో నువ్వు, బాలింత వనజాక్షి, మనవరాలు, అల్లుడు క్షేమమని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. స్పీకరు పెట్టకుండా నీకు ఫోను మాట్లాడటం రాదు. ఇది బాలింత చెవిన పడాల్సిన సంగతి కాదు.

మొన్న ఫోనులో అడిగినవాటికి జవాబులు. నల్లకోడి పిల్లల్ని చేసింది. ఎండుచేపలు వానకు తడవకుండా లోపల పెట్టాను. కూర నేనే వండుకుంటున్నాను, రుచి సంగతి అడగవద్దు. పెద్దవల బాగుచేయడం అయిపోవచ్చింది. ఒక్క పని నీకోసం ఆపాను.

ఇక నా పన్ను నొప్పి. వలదారం పళ్ళతో కొరికి కొరికే దవడ పాడుచేసుకున్నానని ఎన్నాళ్ళుగానో సాధిస్తున్నావు. నేనూ అదే అనుకున్నాను. ఊరికి బయల్దేరుతూ బస్సు మెట్టు మీద నిలబడి కూడా, "ఆ పన్ను పీకించుకోకుంటే నేను రానే రాను, ఆడనే ఉండిపోతా" అని నలుగురిలో అన్నావు. నీ పోరు పడలేక ముత్తుకూరు వెళ్ళాను.

పళ్ళ డాక్టరు ఆనందకుమారి గారు పన్ను పీకలేదు. నా గడ్డం మీద దూదితో రాసి, "తెలస్తా ఉందా?" అని అడిగారు. నాకేమీ తెలియలేదు. "పన్ను గట్టిగానే ఉండాది పెద్దాయనా. ఎముకలో ఏందో ఉంది. రేపే నెల్లూరు పోండి" అన్నారు. మన పడవ జయరామయ్య తోడొచ్చాడు. అక్కడ పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి జబ్బేమిటో తేల్చారు.

మాలకొండా, దారానికీ నా దవడకూ సంబంధం లేదు. మగవాళ్ళకు మూత్రసంచి కింద ప్రోస్టేటు అనే గ్రంథి ఉంటుందట. నాకు క్యాన్సరు అక్కడ పుట్టి దవడ ఎముక దాకా పాకింది. మూత్రానికి మాటిమాటికీ ఎందుకు లేస్తున్నావని నువ్వు అడిగితే, సిగ్గుపడి, వయసు మీద నెట్టేశాను.

భయపడ్డాను, దాచను. జయరామయ్య టీ తెచ్చేలోపు నెల్లూరు బస్టాండులో ఏడ్చాను. పూర్తిగా పోయే జబ్బు కాదన్నారు గానీ, ఇంజెక్షన్లతో, మాత్రలతో అణచి ఉంచవచ్చన్నారు. మొదటి ఇంజెక్షను వేశారు. నొప్పి తగ్గింది. నిన్న మాగచేప పులుసుతో అన్నం మెత్తగా కలుపుకుని కడుపునిండా తిన్నాను.

"పన్ను నొప్పే గదా అని ఇంట్లో కూర్చోనుంటే ఇంకా ముదిరేది. ఎవురు పంపించినారు నిన్ను?" అని అడిగాడు పెద్ద డాక్టరు. "మా ఇంటామె నోరు సార్" అన్నాను. నవ్వాడు. ఆ నోటికి జడిసి ఇన్నేళ్ళూ పెందలాడే పడవెక్కి పారిపోయేవాణ్ణి. ఇవాళ దానికే దండం పెడుతున్నాను.

మూడోనెల వచ్చేదాకా బిడ్డ దగ్గరే ఉండమని రాయాలని కూర్చున్నాను. చేయి రావడం లేదు. పురిటిస్నానం కాగానే వచ్చేయి.

వల ముడులన్నీ వేశాను. దారం మాత్రం ఇక పంటితో కొరకవద్దన్నారు. కత్తెర పెట్టబుద్ధి కాలేదు. కొసలన్నీ అట్లాగే వేలాడుతున్నాయి. నీ పళ్ళు గట్టివి. ఇకమీదట ముడి నేను వేస్తాను, నన్ను తిట్టుకుంటూ నువ్వు కొరుకు.

ఇట్లు,
నీ మామ
కామాక్షయ్య