వదినగారి వాన అలారం

పెడన

మరిది శ్యామ్ సుందర్ గారికి,

కాలేజీ ప్రదర్శనలో మీ వాన అలారానికి మొదటి బహుమతి వచ్చిందని పేపర్లో చదివి పొంగిపోయాను. ఆరేసిన కలంకారీ బట్టలు తడవకూడదని ఒక ట్రాన్సిస్టరు, బజరు, చిన్న బ్యాటరీతో నేను దాన్ని చేసుకుంటే, "ఇదేం ఆటబొమ్మ వదినా?" అని నవ్వింది మీరే. విద్యార్థులకు చూపిస్తానని పట్టుకెళ్లిందీ మీరే.

నిన్న ఫోన్ చేసి, "నీళ్లు పోసినా మోగట్లేదు వదినా! కొత్త బ్యాటరీ వేశాను, ఎర్ర తీగ ఎటు పెట్టాలి? శుక్రవారం పై స్థాయి పోటీకి విజయవాడ నుంచి జడ్జీలొస్తున్నారు" అన్నారు. ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ గారు అడగాల్సిన ప్రశ్నేనా అది? నవ్వాగక ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

శుక్రవారం తొలి బస్సుకు వస్తున్నాను. బాగుచేసి, అదెలా పనిచేస్తుందో జడ్జీలకు నేనే చెబుతాను. నీళ్లు మాత్రం మీరే పోద్దురుగాని.

మీ వదిన