దేముడమ్మ తొట్టిలో మురిగిన గుడ్లు

విజయనగరం, 12-9-1969

అమ్మకు అప్పలనరసింహం నమస్కారాలు. దోమలు పెంచే ఉద్యోగంలో నాకూ బోదకాలు వస్తుందని బెంగపడకు. మేం వదిలేవి వేరే దేశపు మగదోమలు. అవి కుట్టవు. వాటితో కలిసిన మన ఆడదోమల గుడ్లు మురిగిపోతాయి.

కిందటి నెల ఒక పేటలో వదలబోతే దేముడమ్మ అనే ముసలామె చీపురుతో అడ్డొచ్చింది. "ఉన్నవి సాలవని ఇంకా తెచ్చినావేటి?" అంది. నేను దోమల పెట్టెలో చెయ్యి పెట్టాను. ఆమె కూడా పెట్టింది. ఒక్కటీ కుట్టలేదు. నిన్న ఆమె నీళ్లతొట్టిలో చూస్తే నూటికి తొంభై గుడ్లు మురిగాయి. "అయితే మా గుంటలకి ఆ బోదకాలు రాదన్నమాట" అని మనవల్ని చూపించి, నా బుగ్గలు నిమిరింది.

నీ కాలి వాపు తగ్గిందా? నాన్న ఇటు వస్తే ఆవకాయ పంపు. వచ్చే నెల రాజాంలో మన వీధి నుంచే మా పని మొదలు. చెల్లి తాయారుకు దీవెనలు.