జాలవంక లోయలో జనం ఉన్నారని మనవి

కొత్త కట్టడములకు స్థలమును, రాయిని చూచు అధికారి గారి సముఖమునకు,
ఓర్వకల్లు దావలో జాలవంక లోయ నుంచి కూలి నాగన్న కొడుకు చిన్న ఈరన్న రాసుకొన్న అర్జీ.

అయ్యా,

పొయ్యి పొగ కనబడలేదు గనుక అక్కడ ఊరే లేదని తమరు నిన్న అన్న మాట సరి కాదు. నిన్ననే ఆ మాటకు జవాబు చెప్పేవాడిని. నేను నోరు తెరిచేలోపల తమ బంట్రోతు భుజం పట్టుకొని నన్ను వరండాలోకి తోసినాడు. అక్కడ మింగేసిన జవాబు ఇందులో రాస్తున్నాను.

విషయం: జాలవంక లోయ జనం లేని బంజరని సర్వేలో రాసినది కొట్టివేసి, వచ్చే సోమవారం నుంచి అక్కడి గుట్టకు మందు పెట్టి పేల్చే పనిని నిలుపుట గురించి.

1. తమరు నిన్న పటం మీద వేలు పెట్టి, "ఇక్కడ రాళ్లు తప్ప ఏముందోయ్?" అని అడిగినారు. ఉన్నది మనవి చేసుకుంటున్నాను. కర్నూలు నుంచి ఓర్వకల్లు దావలో పోతే కుడిచేతి పక్క రెండు రాతి గుట్టలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి నడుమ వంక. ఎండకాలంలో వంకలో ఇసుకే ఉంటుంది. ఆ ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడుకుంటారు. నీళ్లు ముందుగా ఊరేది పై కొసన కాబట్టి అక్కడ గొర్రెలోళ్ల గుడిసెలు ఉన్నాయి. లోయ వెడల్పయిన చోట మగ్గాలోళ్లు ఉన్నారు, పడుగు నూలు సాపుకోవడానికి వాళ్లకు పొడుగాటి నేల కావాల. కింద, దావకు దగ్గరగా రాయి కొట్టేవాళ్లూ, వాళ్లలో పెద్ద ఏసేపూ, వాళ్ల ప్రార్థన కొట్టమూ. మగ్గాలోళ్లకూ రాయి కొట్టేవాళ్లకూ మధ్యన మాబోటి కూలోళ్లు. గొర్రెలోళ్లు తమ చెలమ నీళ్లు కిందివాళ్లకు ముట్టనీయరు, మగ్గాలోళ్లు తమ నేల మీద గొర్రెలను తొక్కనీయరు, ఏసేపు పాట ఎత్తుకుంటే పైనుంచి కుక్కలన్నీ అందుకుంటాయి. తిట్టుకుంటూనే బతుకుతారు. పొద్దున మాత్రం అందరూ కర్నూలుకే దిగుతారు. మజ్జిగ, కోకలు, రాయి, అన్నీ తమ పట్నానికే. తమ ఆఫీసు మెట్లు ఏసేపు చెక్కినవే.

మేము పట్నానికి దూరంగానే ఉంటిమి. కర్నూలు రాజధాని అయినాక డేరాలు లేచినాయి, డేరాల వెనక ఇళ్లు లేచినాయి, ఇళ్లకు రాయి కావలసి వచ్చింది. పట్నమే మా వైపు నడిచి వచ్చింది.

2. పోయిన ఫాల్గుణంలో లోయలో పశువుల రోగం వచ్చింది. అట్లాంటప్పుడు మా పక్క ఒక దినం ఊరు విడుస్తారు. తెల్లవారకముందే పొయ్యిలార్పి, గొడ్డూ గోదా, కోడీ కుక్కా తోలుకొని జనమంతా గుట్ట అవతలికి పోతారు. ఊరి మొదట్లో తుమ్మకంప అడ్డం వేస్తారు. ఆ కంపను ఎవరూ దాటరు. దీపాలవేళకు తిరిగి వచ్చి, కొత్తగా నిప్పు రగిలించుకొని, మళ్లీ సంసారం మొదలుపెడతారు. రోగానికి ఊరు ఖాళీగా కనబడితే అది పోతుందని పెద్దలు చెబుతారు. అది నిజమో కాదో నాకు తెలియదు. నేను బడి మధ్యలోనే మానేసిన వాడిని. బడి మానేసి ఏమి చేసినావని తమరు అడిగినారు గనుక రాస్తున్నాను: పట్నంలో డేరాలు మోసినాను, బస్సుల మీద మూటలు ఎక్కించినాను, ఎక్కడా నిలవలేక తిరిగి వచ్చినాను. ఆ లోయలో ఉండలేకనే పోయినాను. లోయ మీద ప్రేమతో రాస్తున్నానని తమరు అనుకోవద్దు.

3. తమ సర్వేయరు గారు సరిగ్గా ఆ దినమే వచ్చినారు. ఆయన గోదావరి పక్కవారు, ఆయనకు మా కంప సంగతి తెలియదు. ఆయన వెంట కొలత గొలుసు పట్టే బొజ్జన్న మా పక్కవాడే, వాడికి తెలుసు. బొజ్జన్నను నేను సంతలో పట్టుకొని అడిగినాను.

"ఏమప్పా బొజ్జన్నా, ఊర్లో జనం ఉండారని ఆయప్పకు చెప్పకపోతివా?"

"ఉంటే గదా చెప్పేది. ఆ పొద్దు ఎవురుండార్రా ఊర్లో?"

"మాపటికి వస్తారని తెల్దా నీకు?"

"తెలుసు. ఆయప్ప మాపటి సంగతి అడగల్య. 'ఇప్పుడు జనం ఉన్నారా' అనె. కంప కాడ నిలబడి గట్టిగా పిలిస్తి. ఎవురూ పలకల్య. లేరయ్యా అంటి. అబద్ధం చెప్పమంటావా సర్కారోళ్లకు?"

బొజ్జన్న అబద్ధం ఆడలేదు. సర్వేయరు గారూ అబద్ధం రాయలేదు. ఇందులో ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. కోపం తెచ్చుకుందామని చూసినాను, రాలేదు. చెయ్యి మీద పడుకొని లేస్తే చెయ్యి మనది కానట్టు ఉంటుంది చూడండి, తమ నోటీసు వచ్చిన ఈ నాలుగు దినాలుగా నాకు అట్లా ఉంది.

4. బొజ్జన్న పిలిచినప్పుడు ఊళ్లో ఒక మనిషి ఉండింది. అది తమకు నిన్న చెప్పలేకపోయినాను. మా అవ్వ సిద్దమ్మ. నడుము విరిగి మంచంలో ఉంది. ఆ దినం తెల్లవారుజామున మంచంతో మోసుకుపోదామని వంగితే, "నన్ను మోస్తే దావలోనే పోతా. ఈడనే ఇడిసిపెట్టి పోండ్రా" అనింది. ఊరు విడిచిన నాడు ఇంట్లో మనిషిని ఉంచకూడదు. మగ్గాలోళ్ల పెద్ద దేవేంద్రప్ప వచ్చి తలుపు దగ్గర నిలబడినాడు. చివరికి చెప్పినాడు.

"సరే. ఉండు సిద్దక్కా. నిప్పు ముట్టగాకు. ఎవురు పిలిచినా పలకగాకు. లేనట్ట ఉండాల."

"దగ్గొస్తే?"

"కొంగు కుక్కుకో."

మేమంతా నవ్వినాము. అవ్వ కూడా నవ్వింది.

ఆమె మాట తప్పలేదు. బొజ్జన్న పిలుపు వినింది. దగ్గు వస్తే కొంగు నోట్లో పెట్టుకుంది. పలికితే రోగం ఊళ్లోనే నిలిచిపోతుందని భయపడింది. మా గొడ్లు బతికినాయి. తమ సర్వేలో మాత్రం ఊరు చచ్చిపోయినట్టు రాసుకొన్నారు.

తమ నోటీసు కంపచెట్టుకు అంటించిన నాడు నేను దాన్ని చదివి అందరికీ వినిపించినాను. ఇంట్లోకి పోతే అవ్వ మంచంలో నుంచి, "ఆ పొద్దు పిలిచింది వాళ్లేనా?" అని అడిగింది. అవునన్నాను. కాదనవలసింది. అప్పటినుంచి ఆమె ఏ చప్పుడైనా సరే పలుకుతోంది. గొర్రె గంటకు, మగ్గం చప్పుడుకు, గాలికి తలుపు కొట్టుకుంటే దానికి. "ఉండామప్పా. ఈడ ఉండాం నాయనా." నీళ్లు తాగమంటే కూడా ఆ మాటే. మా అమ్మ తిమ్మమ్మ ఆమె పక్కన కూర్చొని, "ఉండాంలే అత్తా, అందరమూ ఉండాం, గమ్మునుండు" అంటుంది. ఆమె గమ్ముగా ఉండదు. ఒకసారి గమ్మునున్నందుకే ఇట్లా అయిందని ఆమె అనుకుంటోంది.

5. తమరు చివరిగా అన్న మాట ఇది: "ఎలాగూ ఊరు విడిచే అలవాటు ఉందంటున్నావు కదా. మళ్లీ విడవండి. ఈసారి తిరిగి రాకండి." పక్కనున్న గుమాస్తాలు నవ్వినారు. మాట బాగానే ఉంది. కాని మేము విడిచేది తిరిగి రావడానికే. తిరిగి రాకపోతే దాన్ని మా పక్క విడవడం అనరు.

పైగా, అందరూ పోయినా మా అవ్వ పోలేని మనిషి. మోస్తే దావలోనే పోతానని అప్పుడే చెప్పింది, ఇప్పుడు ఇంకా చిక్కిపోయింది. మందు పెట్టే గుట్ట మా ఇంటి వెనకదే. వానకే మట్టి రాల్చే గోడలు మావి.

కావున అడిగేది ఒక్కటే. సోమవారానికి ముందు తమరు గాని, తమ మనిషి గాని ఒకసారి ఆనాడు కంప వేసిన చోటు దాటి లోపలికి వచ్చి, "ఎవరైనా ఉన్నారా?" అని పిలవవలెను. ఎవరు పలికినదీ తమరే రాసుకోవలెను. అంతకన్న సాక్ష్యం మా దగ్గర లేదు. ఇది తమరు చిత్తగించినా సరే, చిత్తగించకపోయినా సరే, చదివిన తరువాత మా లోయలో ఎవరూ లేరని మాత్రం ఇక అనలేరు.

తమరు నిన్న వరండాలోకి పంపించిన విధేయుడు,
చిన్న ఈరన్న

మరచినది: ఇది మడిచి పెట్టబోతుంటే బయట ఈల వినబడింది. వాకిట్లో నుంచి చూసినాను. గుట్ట పని కంట్రాక్టరు మనుషులు, పేల్చే ముందు చూపే ఎర్రజెండా పట్టుకొని ఊరి మొదట్లో నిలబడి ఉన్నారు. సోమవారం అని గదా నోటీసులో ఉండేది. ఎండ మండుతోంది, మగవాళ్లందరూ పట్నంలో ఉన్నారు. జెండా మనిషి నోటికి చేతులు అడ్డం పెట్టుకొని, లోపల ఎవరన్నా ఉండారా అని పిలుస్తున్నాడు. అవ్వ పలుకుతోంది. నేను పక్కనే కూర్చున్నా కాబట్టి నాకు వినబడుతోంది. ఆ గొంతు మా వాకిలి కూడా దాటదు. వాడు మళ్లీ పిలుస్తున్నాడు. నేను పోవాల.