నళిని గజాల పుస్తకం

ఆగస్టు 9, 1990. గురువారం.

ఇంతవరకు డైరీ రాసే అలవాటు లేదు. నాలుగేళ్ళుగా రాసిందల్లా మనవరాలి గోల్ఫ్ లెక్క — నళిని పద్దెనిమిది హోళ్ళు ఎన్ని దెబ్బలకు ముగించింది, ఎక్కడ తప్పింది, గాలి ఎటు వీచింది. ఆ లెక్కలో చివరి తేదీ ఆగస్టు 1. మరునాడు తెల్లవారేసరికి ఇరాకు సైన్యం ఊళ్ళో ఉంది. ఆట లేదు. లెక్క లేదు. చెయ్యి ఊరుకోవడం లేదు, అందుకని ఇది.

ఇంకొకటి. కొడుకు ఎప్పుడో అడుగుతాడు — అమ్మా, ఏ రోజు ఏం జరిగింది? చెప్పగలగాలి. కొడుకూ కోడలూ జూలైలో కడపకు వెళ్ళారు, కోడలి తండ్రికి ఆపరేషనని. ఇరవై రోజుల్లో వస్తామన్నారు. జాబ్రియాలో ఈ మూడో అంతస్తులో ఇప్పుడు ఇద్దరం. నాకు అరవై ఆరు, దానికి పదిహేడు. ఫోను ఊళ్ళో మోగుతుంది. దేశం దాటదు.

ఆగస్టు 10.

బకెట్లన్నీ, గిన్నెలన్నీ నీళ్ళు పట్టాను. బాల్కనీలోకి పోవద్దని నళినికి చెప్పాను. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

ఆగస్టు 12.

అమెరికా కోచ్ ఉత్తరం మళ్ళీ తీసి చదువుతోంది. జూన్‌లో వచ్చింది. ఆమె కాలేజీ గోల్ఫ్ జట్టులో ఒక్క చోటు ఖాళీ ఉంది. దొరికితే ఫీజు, వసతి అన్నీ వాళ్ళవే. దొరకకపోతే అమెరికా చదువు మాట మా ఇంట్లో ఎత్తే పని లేదు. నవంబరులోగా తేల్చాలట. "మీరు ఇసుక మీద ఆడతారు, పచ్చిక లేదు, కనుక స్కోరు ఒక్కటే చూసి చెప్పలేను. సంతకాలున్న కార్డులు పంపు, ఆడుతున్న టేపు పంపు. నువ్వు చెప్పిన ఆ గజాల పుస్తకం తప్పక పంపు. తన మైదానాన్ని తానే కొలుచుకునే అమ్మాయి నాకు కావాలి."

నిజమే, అంతా ఇసుకే. కాళ్ళు తుడుచుకునే పట్టా అంత ప్లాస్టిక్ గడ్డి ముక్క వెంట తీసుకుపోయి, దాని మీద బంతి పెట్టి కొట్టాలి. జెండా చుట్టూ నూనె కలిపి అణచిన ఇసుక. చెట్టు లేదు, చెరువు లేదు, గురి చూసుకోవడానికి ఏమీ లేదు. కదలని వాటిని గుర్తు పెట్టుకో అని చెప్పింది నేనే. అడుగులు లెక్కపెట్టి, గజాలు చేసి, ఒక్కో హోల్‌కు ఒక్కో బొమ్మ గీసింది, దాని వెనక నాలుగైదు పేజీల గాలి లెక్కలు. తొంభై ఆరు పేజీలు. గీతలు దానివి, అంకెలు సరిచూసినది నేను.

సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా మా అభ్యాసం మానలేదు. నేను కోచ్‌గా కుర్చీలో. అది ఎదురుగా నిలబడి. ఇంగ్లీషులోనే.

"ఏడో హోల్. గాలి ఎడమ నుంచి. నూట నలభై గజాలు. ఏ కర్ర తీస్తావు, ఎందుకు?"

"బహుశా ఏడో నంబరు..."

"బహుశా అనే మాట వద్దు. తెలిస్తే చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు."

నేను జీవితంలో బంతిని కొట్టింది లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లలకు జ్యామితి చెప్పాను. కోణం ఎక్కడైనా కోణమే.

మధ్యలో ఎక్కడో కాల్పులు. అది ఆగి నా వైపు చూసింది. తరువాతి ప్రశ్న వేశాను.

ఆగస్టు 16.

ఓబులేసు వచ్చాడు. వెనక విల్లాలో డ్రైవరు, రాయచోటి మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. మెట్లెక్కి వచ్చి ఆయాసం తీరకుండానే —

"నా కఫీల్, అదే వీసా ఇచ్చిన సేటు, సౌదీకి పోయినాడమ్మా. తాళాలు నా చేతిలో పెట్టి, ఖలాస్. ఇల్లిల్లూ ఎతుకుతాండారు. ఇంగ్లీషోళ్ళు, అమెరికావోళ్ళు యాడన్నా దాంకున్యారేమోనని. మీ ఇంట్లో దొరల కాగితాలేమన్నా ఉంటే కాల్సేయండి."

ఉన్నాయి. స్కోరు కార్డులన్నిటి మీదా హారిస్ సంతకం. శుక్రవారాలు ఆడపిల్లలకు ఉచితంగా గోల్ఫ్ నేర్పిన మనిషి. ఇంగ్లీషువాడు. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. తెలియకపోవడమే మంచిది.

ఆగస్టు 17.

ఇరవై ఏడు కార్డులు, ఇనప మూకుడులో. నళిని ఒక్కొక్కటి చదివి నా చేతికిచ్చింది. "ఇది ఎనభై ఒకటి, అవ్వా... ఇది డెబ్బై తొమ్మిది." డెబ్బై తొమ్మిదిని కాసేపు పట్టుకుని ఇచ్చింది. ఏడవలేదు.

టేపు విప్పి కత్తిరించాము. అందులో హారిస్ గొంతు ఉంది. నా నాలుగేళ్ళ లెక్కలోనూ అతని పేరే, అదీ మూకుడులోకే. కోచ్ ఉత్తరమూ వేశాను. ముందు ఆ చిరునామా దానితో పదిసార్లు అప్పచెప్పించుకున్నాను.

గజాల పుస్తకం తొంభై ఆరు పేజీలూ తిరగేశాను. దొర పేరు ఒక్కటీ లేదు. గీతలు, బాణాలు, అంకెలు. కోచ్ పేరు పెట్టి అడిగింది దీన్నే, ఇక మిగిలిందీ ఇదే. కాల్చలేదు. బడి పుస్తకాల మధ్య పెట్టాను.

ఈ డైరీ తెలుగులో ఉంది. వాళ్ళలో చదివేవారు ఉండరు.

ఆగస్టు 21.

గ్లాసు పడుకోబెట్టి, తివాచీ మీద బంతిని అందులోకి దొర్లిస్తోంది. ఆపించాను. చప్పుడు కిందికి వినబడుతుంది.

"అవ్వా, నవంబరు..."

"నవంబరు సంగతి నాకూ తెలుసు."

కర్ర గోడకానించి లోపలికి పోయింది. అన్నం తినలేదు. నేనూ బలవంతం చేయలేదు.

ఆగస్టు 27.

ఓబులేసు మళ్ళీ. రేపు ఒక బస్సు పోతోంది — బస్రా, బాగ్దాదు, అటునుంచి జోర్డాను సరిహద్దు. అక్కడి నుంచి మన విమానాలు బొంబాయికి. రెండు సీట్లు చెప్పి ఉంచాడు.

నళిని మార్కుల పత్రం బడి బీరువాలో ఉంది. బడి మూసేశారు. గుమాస్తా ఎల్లుండి తాళం తీస్తానని ఫోనులో చెప్పాడు. మార్కుల పత్రం లేకపోతే కోచ్ ఏమీ చేయలేదు. కార్డులు ఎలాగూ లేవు. ఇదీ లేకుండా ఎలా?

"మార్కులు ముఖ్యమా, మనిషి ముఖ్యమా అమ్మా?"

"రెండు రోజులే కదా ఓబులేసూ."

ఓబులేసు చెప్పులేసుకుని దిగిపోయాడు.

ఆగస్టు 29.

గుమాస్తా రాలేదు. ఫోను ఎత్తడం లేదు.

ఆగస్టు 31.

పక్క భవనం మూడు గంటలు వెతికారు. ఒక మనిషిని తీసుకుపోయారు. అతని భార్య కింద రోడ్డు మీద నిలబడి ఉంది... ఇంకా నిలబడే ఉంది.

మొన్నటి బస్సు ఎక్కి ఉండవలసింది. తప్పు నాదే. రాసి పెడుతున్నాను.

సెప్టెంబరు 3. సోమవారం. మధ్యాహ్నం ఒంటిగంట.

వచ్చారు. పదకొండుకు. జరిగింది జరిగినట్టు రాయాలి.

ముగ్గురు సిపాయిలు, ఒక ఆఫీసరు. కళ్ళజోడు, ఇంగ్లీషు బాగానే వచ్చు. తలుపు తీసే ముందు నళినిని వంటింట్లోకి తోశాను. పాత నైటీ, ముందు ఉల్లిపాయలు, చేతిలో కత్తి. తల ఎత్తవద్దన్నాను.

గోల్ఫ్ సంచి చూశాడు. ఎవరిదని అడిగాడు. నాదన్నాను. పుస్తకాల దగ్గరికి పోయాడు. భూగోళం, రసాయనం, తరువాత అది. తెరిచాడు. ఒక పేజీ. ఇంకొక పేజీ. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అప్పుడు అతని భుజం మీదుగా నేనూ చూశాను. ఆ పేజీలు నాలుగేళ్ళుగా చూస్తున్నవే. అయినా అప్పుడే చూశాను — చమురు ట్యాంకు, మూడు వందల పది గజాలు. నీళ్ళ టవర్, దానికి ఎడమగా గురి. పైపులైను దాటడానికి నూట డెబ్బై అయిదు. పంపుహౌసు. గాలి దిక్కులు, బాణాలు. చెట్టు లేని చోట కదలనివి అవే కదా. పేర్ల కోసం వెతికాను. బొమ్మ ఏమిటో చూడలేదు.

"చమురు ట్యాంకుకు దూరం కొలిచింది ఎవరు?"

"నేను."

"ఎందుకు?"

"ఆట కోసం."

"ఈ ఆటలో ట్యాంకును కొడతారా?"

ఒక సిపాయి నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. సంచిలోంచి ఒక కర్ర లాగి నాకిచ్చాడు. ఆడి చూపించమన్నాడు.

తివాచీ మీద బంతి. పాదాలు భుజాల వెడల్పు, ఎడమ చెయ్యి తిన్నగా, తల కదలకూడదు — దానికి వెయ్యిసార్లు చెప్పినవే. ఎత్తాను, దించాను. కర్ర తివాచీకి తగిలింది. బంతి రెండు అడుగులు దొర్లి సోఫా కాలి దగ్గర ఆగింది.

"యల్లా హజ్జియా, ఇంకొకటి" అని, ముసలమ్మలను పిలిచే మాటతో పిలిచి, సిపాయిలు పడీపడీ నవ్వారు.

"ఇలా ఆడే మనిషి ఇన్ని పేజీలు కొలిచిందా?" అన్నాడు ఆఫీసరు.

"చేతులకు వయసైంది. లెక్కకు కాలేదు."

ఎలా అన్నానో తెలియదు. అతను నా చేతిలోని కర్ర తీసి సంచిలో పెట్టాడు. తరువాత వంటింటి గుమ్మం దాకా వెళ్ళి — ఆమె ఎవరు?

"పనిమనిషి."

"పాస్‌పోర్టు?"

"కఫీల్ దగ్గర."

ఈ దేశంలో పనిమనిషి పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుందో అతనికీ తెలుసు. మళ్ళీ అడగలేదు. ఉల్లిపాయ తరుగుతున్న చప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు.

నా పాస్‌పోర్టు తీసుకున్నాడు. పుస్తకమూ తీసుకున్నాడు. రేపు పదింటికి పోలీసు స్టేషనుకు రావాలి. ఏ పేజీ అడిగితే ఆ పేజీ చూడకుండా గీయాలి. "గీస్తే ఆట. గీయలేకపోతే మాట్లాడదాం."

వాళ్ళు దిగిపోయాక వంటింట్లోకి వెళ్ళాను. నాలుగు కిలోల ఉల్లిపాయలు తరిగేసింది.

సెప్టెంబరు 3. రెండున్నర.

ఓబులేసు: "రేప్పొద్దున అయిదుకు బస్సుండాది. మా రాయచోటి పక్క ఆడోళ్ళు ఆరుమంది, పనిచేసేటోళ్ళు, నాతో వస్తాండారు. పాపను వాళ్ళ మధ్య కూసోబెడతా. మీరూ రాండమ్మా, స్టేషనూ వద్దు, గీషనూ వద్దు."

నా పాస్‌పోర్టు లేదు, మొదటి చెక్‌పోస్టులోనే దింపేస్తారు. నా పక్కన ఉన్నందుకు దాన్నీ దింపుతారు. పైగా నేను పదికి కనబడకపోతే పదింపావుకు వెతకడం మొదలుపెడతారు. పదికి బస్సు బస్రా దాటి ఉండాలి. ఎంతసేపు గీయిస్తే అంతసేపు గీస్తాను.

నళిని అడ్డం నిలబడింది. "గీసింది నేను. నేను పోతా స్టేషనుకు."

"నోరు మూసుకో."

ఓబులేసు నేల చూశాడు. అది మూసుకోలేదు. ఒక్కదాన్నే ఎక్కనంది, అవ్వా నువ్వెవరు చెప్పడానికంది. చివరికి చెప్పాను — నువ్వు ఇక్కడ ఉంటే అక్కడ నా చెయ్యి వణుకుతుంది, గీత వంకర పోతుంది. అప్పుడు కూర్చుంది.

సెప్టెంబరు 3. ఆరున్నర.

మూడు నుంచి ఆరు దాకా. అది కుర్చీలో. నేను నిలబడి. నా కాళ్ళు చూసి స్టూలు జరిపింది, అంతకుమించి దయ చూపలేదు.

"ఏడో హోల్. గియ్యి."

గీశాను.

"ట్యాంకు ఎంత?"

"బహుశా మూడు వందల..."

"బహుశా వద్దని ఎవరన్నారు?"

పద్దెనిమిదిలో పదకొండు తప్పు లేకుండా వచ్చాయి. అయిదు ఒక మాదిరిగా. నాలుగోది, పన్నెండోది తప్పు. పన్నెండు మూడుసార్లు గీయించింది. "టవర్ కుడి పక్క, అవ్వా. ఎడమ పెడితే బంతి ఎడారిలోకే." తిట్టి, తన గొంతు తనే విని, కాసేపు నవ్వింది. నాకూ వచ్చింది. కార్డులు కాల్చినప్పటి నుంచి ఈ ఇంట్లో నవ్వు లేదు.

తరువాత ఆఫీసరులాగా కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు చేసి అడిగింది —

"హజ్జియా, పుస్తకం అట్ట మీద పేరెవరిది?"

దానికీ అప్పుడే తట్టింది. చెయ్యి ముఖం దగ్గరే ఆగిపోయింది.

గోధుమరంగు అట్ట వేసింది నేను. లేబులు అంటించింది నేను. గుండ్రటి అక్షరాలతో, ఇంగ్లీషులో, పూర్తి పేరు.

జరగవలసినవి:

1. నాలుగుకు నళిని లేవాలి. ఓబులేసు తెచ్చిన నల్ల అబాయా బురఖాలాగా ఒళ్ళంతా కప్పుకోవాలి. నాలుగుముప్పావుకు బేకరీ సందులో ఉండాలి. నేను మెట్ల దాకానే.

2. రెండు చేతులకూ గోరింటాకు ఇప్పుడే పెట్టాలి. గ్లవ్ వేసి ఆడినందువల్ల ఎడమ చెయ్యి తెల్లగా, కుడి చెయ్యి నల్లగా ఉన్నాయి. గిన్నెలు తోమే వాళ్ళకు అలా ఉండదు.

3. దారిలో తెలుగు తప్ప మాట్లాడకూడదు. ఇంగ్లీషులో అడిగితే ఓబులేసు ముఖం చూడాలి. పాస్‌పోర్టు ఓబులేసు దగ్గర.

4. సంచిలో బంతి, గ్లవ్ వగైరా ఏదీ ఉండకూడదు. అది లేదంటుంది. నేను విప్పి చూడాలి.

5. బొంబాయి దిగగానే తండ్రికి ఫోను. ఆ తరువాత కోచ్‌కు ఉత్తరం, ఆ వారంలోనే. కార్డులు లేవు, టేపు లేదు, పుస్తకం లేదు, ఎందుకు లేవో ఇది. గుర్తున్న స్కోర్లు రాయవచ్చు. ప్రతిదాని పక్కన సంతకం లేదని రాయాలి. ఒక్క దెబ్బ కూడా తగ్గించి రాయకూడదు.

6. పదికి స్టేషను. కళ్ళజోడు, రెండు పెన్సిళ్ళు, రబ్బరు. నాలుగు, పన్నెండు పొద్దున మళ్ళీ గీయాలి. నిదానంగా గీయాలి.

7. అట్ట మీద పేరు నళిని. నా పాస్‌పోర్టులో సుబ్బలక్ష్మమ్మ. రెండూ ఇప్పుడు అతని బల్ల మీదే ఉన్నాయి. అడిగితే —