బయటి స్విచ్చి

కోంటా,
ఆదివారం

మంగక్కకు,

ఇక్కడ స్నానాలగది పడగొట్టి కొత్తగా కట్టిస్తున్నాం. మీ మరిది సరుకు కోసం భద్రాచలం పోతూ, స్విచ్చుల సంగతి నన్నే తేల్చమన్నారు. కరెంటు పని చేసే లచ్చు నిన్న వచ్చి, "స్విచ్చి లోపల పెట్టాల్నా, బయటనా భాభీ? ఇప్పుడందరూ లోపలే పెట్టిస్తున్నరు" అన్నాడు. మనిషి పోగానే తనంతట తనే ఆరిపోయే లైటు కూడా ఉందట. అది వద్దన్నాను.

మన పాత స్విచ్చి బయటి గోడకే ఉండేది కదా. మీరు వంటింట్లోంచి వస్తూ, లైటు ఊరికే వెలుగుతోందని టక్కున ఆర్పేసేవారు. నేను సబ్బు మొహంతో "అక్కా, నేనున్నా" అని అరిచేదాన్ని. "ఉంటే పాట పాడాలె, నాకేం తెలుసు" అనేవారు మీరు. రోజూ ఇదే గొడవ.

వేరుపడే సంగతి అన్నదమ్ములే మాట్లాడుకున్నారు, మనిద్దరినీ ఎవరూ అడగలేదు. మీరు జగదల్‌పూర్ పోయాక ఆ లైటు ఆర్పేవాళ్ళు లేరు. పాత గది పడగొట్టక ముందు ఒకరాత్రి నేను మరిచిపోతే తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది.

లచ్చును స్విచ్చి బయటే పెట్టమన్నాను. "లోపలుంటే మీకే సుఖం గదా" అన్నాడు. బయటి గోడ మీద చోటు చూపించాను.

వానలు తగ్గాక ఒక్కసారి రండి. నేను స్నానానికి పోయినప్పుడు, లోపల ఎవరున్నారో చూడకుండా లైటు ఆర్పేయండి.

మీ తోడికోడలు